పైల్వాను మామ మెడ

మొన్న నా మోకాలి నొప్పికని మా కోడలు నువ్వుల నూనెలో గుప్పెడు వేపాకు, రెండు కర్పూరం బిళ్లలు వేసి కాచింది. ఆ వాసన వంటింట్లోంచి హాల్లోకి, హాల్లోంచి మేడమెట్ల దాకా పాకి, ఇంట్లో అందరూ ముక్కులు మూసుకుని ఫ్యాన్లు వేసుకుంటుంటే నేను మాత్రం కుర్చీలో కూర్చుని గుండెల నిండా పీల్చుకున్నాను. నా మనవరాలికి అది మందుల కొట్టు వాసన. నాకు మాత్రం పుంగనూరులో మా అవ్వ ఇంట్లో, తెల్లవారుజామున మా నారాయణప్ప మామ ఒంటికి నూనె పట్టించుకుని, నిద్రపోతున్న నా తల పక్కనుంచి అడుగుల చప్పుడు కాకుండా నడిచి వెళ్లినప్పటి వాసన.

మా నాన్నకు మదనపల్లెలో పట్టుగూళ్ల మండీలో గుమాస్తా ఉద్యోగం. నా వెనక ఇద్దరు తమ్ముళ్లు వెంటవెంటనే పుట్టేసరికి అమ్మకు చేతులు చాలక, డెబ్బైల నడిమి సంవత్సరాల్లో నన్ను తెచ్చి వాళ్లమ్మ దగ్గర వదిలిపెట్టింది. ఆమే మా అవ్వ. అవ్వకు ఊరి చివర కాస్త మెట్టచేను, ఒక పెంకుటిల్లు, ఎంత ఎదిగినా దూడంత ఎత్తే ఉండే రెండు పొట్టి ఆవులు, ఆ ఆవుల పాలన్నీ తాగేసే ఒక పైల్వాను కొడుకు ఉండేవారు. "నాలుగు కాళ్ల బిడ్డలు ఇస్తాండాయి, రెండు కాళ్ల బిడ్డ తాగతాండాడు, నడాన గడ్డి కోసేది నేను" అని పాలు పితుకుతూ రోజూ గొణిగేది. గొణుగుతూనే మీగడ తీసి మామ కోసం ఉట్టి మీద దాచేది.

మా ఇంట్లో రెండు వంటలు జరిగేవి. చలికాలం వస్తే అందరికీ అనపకాయల పండగ. సాయంత్రం అరుగు మీద చుట్టూ కూర్చుని కాయలు ఒలవడం, గింజలు నానబెట్టి మర్నాడు వేళ్లతో పితికి తొక్క ఊడదీయడం, ఆ పితికిపప్పుకు మసాలా నూరి పులుసు పెడితే వీధి మొదట్లోనే నోరూరడం. శనక్కాయలు పీకే రోజుల్లో ఉప్పు వేసి ఉడకబెట్టిన పచ్చికాయల కుండ, ఎండాకాలం రాగి అంబలి, అందులోకి ఎర్ర ఉల్లిగడ్డ, నిప్పుల మీద కాల్చిన ఎండుమిరపకాయ, ఉగాదికి నెయ్యి ఓడే ఓళిగలు. మామకు మాత్రం కారం, పులుపు తగిలినదేదీ దక్కేది కాదు. ఆయనకు నా తలకాయంత సంగటి ముద్ద, దాని నడుమ గుంట చేసి పోసిన నెయ్యి, చప్పిడి పప్పు, నానబెట్టి పొట్టు తీసిన బాదం. పితికిపప్పు పులుసు ఉడికే రోజు మామ ఆ గిన్నె వైపు చూసే చూపు చూస్తే పగవాడికైనా జాలి కలుగుతుంది. "వస్తాదుకు తెల్సిందంటే నా తోలు వలుస్తాడు పాపా" అని మొహం తిప్పుకుని తన ముద్ద తను తినేవాడు.

వస్తాదంటే కుస్తీ నేర్పే గురువు. మామ వస్తాదు పేరు జబ్బార్ సాబు. పగలంతా బజారులో పరుపులు కుట్టేవాడు. ఆయన గడ్డంలో ఎప్పుడూ దూదిపోగులు చిక్కుకుని ఉండేవి కాబట్టి ఏది దూదో ఏది నెరిసిన వెంట్రుకో తెలిసేది కాదు. తెల్లవారుజామునా, సాయంత్రమూ ఆయన ఉండేది గరిడీలో. ఆయన ఇంటి వెనక సందులో, నడుము వంచితే గాని దూరలేనంత పొట్టి వాకిలి ఉన్న పెంకుల కొట్టం అది. లోపల మోకాలి లోతు గుంట, గుంట నిండా జల్లెడ పట్టిన ఎర్రమన్ను. అందులో పసుపు, మజ్జిగ, వేపనూనె, నిమ్మరసం పోసి రోజూ పారతో తిరగేసేవారు. ఆడపిల్లలు లోపలికి పోకూడదు. కానీ పాలచెంబు ఇచ్చి రమ్మని అవ్వ నన్నే పంపేది కాబట్టి, వాకిలి బయట గట్టు మీద కూర్చుని ఎవరు ఎవర్ని ఎలా పడేస్తున్నారో నేను తీరిగ్గా చూసేదాన్ని. బడిలో ఎక్కాలు రాలేదు గానీ కుస్తీ పట్లన్నీ వచ్చాయి. పక్కింటి రహమతూ నేనూ కళ్లంలో శనక్కాయ పొట్టు కుప్ప మీద వాటిని ఒకరి మీద ఒకరం ప్రయోగించుకుని, లంగాలు చింపుకుని, వాళ్లమ్మ చేత తనూ మా అవ్వ చేత నేనూ తన్నులు తినేవాళ్లం.

ఆ గరిడీలో ఒక కట్టుబాటు ఉండేది. కొత్తగా చేరేవాడు వస్తాదు కాళ్లకు మొక్కి తల వంచితే, ఆయన గుంటలోంచి చిటికెడు మన్ను తీసి వాడి నుదుటికీ మెడకీ రాసేవాడు. హిందువైనా సాయిబైనా అంతే. అలా మన్ను రాయించుకున్న వాళ్లంతా ఇక 'ఒకే మట్టి వాళ్లు'. గరిడీ లోపల నేర్చుకోవడానికి ఎంతైనా పెనుగులాడుకోవచ్చు. కానీ పదిమందిలో, పలకలు మోగుతుండగా, గెలుపోటముల కోసం ఒకే మట్టి వాళ్లు తలపడకూడదు. అన్నదమ్ములు నడిబజారులో కొట్టుకుంటే ఎంత తలవంపులో అదీ అంతే. వేరే ఊరికి కుస్తీకి పోయేటప్పుడు వస్తాదు తన గుంట మన్ను గుడ్డలో మూటగట్టుకుని పోయి, ఆ ఊరి గుంటలో ఒక పిడికెడు కలిపేవాడు. కొత్తమట్టి తన బిడ్డను గుర్తుపట్టాలని ఆయన నమ్మకం.

ఆ మూట వెంట మామ చాలా ఊళ్లు తిరిగాడు. సదుంలో మొదటి కుస్తీ గెలిచి, ఇచ్చిన పొట్టేలును భుజాన వేసుకుని వచ్చాడు. దాన్ని కోయడానికి అవ్వ ఒప్పుకోక, అది మా ఇంట్లోనే ముసలిదై చచ్చిపోయింది. పెద్దపంజాణిలో వెండికడియం తొడిగారు, వెంకటగిరికోటలో తలపాగా చుట్టారు. తర్వాత్తర్వాత జాతర పెద్దలే మనుషుల్ని పంపి పిలిపించుకునే వరస వచ్చింది. సేద్యం అవ్వకు వదిలేసి మామ కుస్తీనే బతుకుదెరువు చేసుకున్నాడు. గులాబీరంగు కాగితాల మీద మామ బొమ్మ అచ్చువేసి గోడలకు అంటించేవారు. ఆ మసి అచ్చులో మొహం కనబడక మీసాలు మాత్రమే కనబడేవి. అయినా ఆ మీసాలు మా మామవేనని బడిలో అందరికీ చెప్పుకునేదాన్ని. నలిగి నలిగి ముద్దకట్టిన ఆయన చెవులు పట్టుకుని భుజాల మీద ఊరేగుతుంటే నాకంటే గొప్పది పుంగనూరులో ఇంకొకటి లేదనిపించేది.

అవ్వకు మాత్రం ఆ గొప్ప ఏనాడూ ఒంటబట్టలేదు. మామ కుస్తీకి పోయిన రోజు ఇంట్లో మాట వినబడేది కాదు. తిరిగొచ్చి వాకిట్లో నిలబడితే గెలిచావా అని అడిగేది కాదు. చేతులు, మోకాళ్లు, మెడ తడిమి చూసుకుని, అప్పుడు చెంబుతో నీళ్లిచ్చేది. గుంటలోకి దిగినన్నాళ్లు పెళ్లి మాట ఎత్తకూడదని వస్తాదు నియమం. ఎత్తినా పిల్లనిచ్చేవాళ్లు లేరు. "ఈపొద్దు ఎత్తేసినోడు రేపు పడతాడు. పడితే మా బిడ్డ గతేంది?" అని వచ్చిన సంబంధం వచ్చినట్టే వెనక్కి పోయేది. అవ్వకు వాళ్ల మీద కోపం కూడా రాలేదు, వాళ్లన్నది తన మనసులో మాటే మరి.

ఒక ఎండాకాలం సెలవులకు నేను మదనపల్లెలో ఉండగా అక్కడి సంత మైదానంలో మామ కుస్తీ జరిగింది. నాన్న భుజం మీద కూర్చుని చూశాను. బళ్లారి నుంచి వచ్చిన పైల్వాను మామను నడుం పట్టి తలకిందులుగా ఎత్తి విడిచిపెట్టాడు. తల గుంటలో దిగబడిన చప్పుడు నాకిప్పటికీ గుర్తుంది. మామ లేచాడు, మళ్లీ పట్టు పట్టాడు, పొద్దుగుంకే దాకా నిలబడి 'సమానం' అనిపించుకున్నాడు. ఇంటికొచ్చాక మాత్రం నీళ్లు తాగడానికి తల వెనక్కి వంచలేక చెంబు అలాగే పట్టుకుని నిలబడిపోయాడు. నాన్న ఆయన్ని ఆసుపత్రికి తీసుకెళ్లాడు. డాక్టరమ్మ ఎక్స్‌రే పటాన్ని కిటికీ వెలుగులో పెట్టి చూసి, "ఈసారికి బతికిపోయినావప్పా. ఇంకోసారి ఇట్లా తలమీద పడితే మెడ కింద ఒళ్లంతా చచ్చుబడిపోతుంది. కుస్తీ మానుకో" అని కచ్చితంగా చెప్పింది.

అవ్వకు గానీ వస్తాదుకు గానీ చెప్పొద్దని మామ మా నాన్న చేత చేతిలో చెయ్యి వేయించుకున్నాడు. మా నాన్న నోట్లో నువ్వుగింజ నానదు. వారం తిరక్కుండా, నన్ను పుంగనూరులో దించడానికి వచ్చినప్పుడే అవ్వకు తెలిసిపోయింది.

చిక్కేమిటంటే, కుప్పం జాతర కుస్తీకి మామ అప్పటికే తాంబూలం అందుకున్నాడు. తమలపాకు, వక్క చేతిలోకి తీసుకున్నాక గుంటలోకి దిగనివాడికి మళ్లీ ఏ ఊరి గుంటలోనూ చోటు ఉండదు. వాడికే కాదు, వాడి గరిడీకీ వస్తాదుకీ కూడా తలవంపే. పైగా ఎదుటివాడు కోలారు పక్క బంగారు గనుల్లో పనిచేసే చిన్నప్ప. మనుషుల్ని తలకిందులుగా ఎత్తివేయడమే అతని పేరు మోసిన పట్టు. ఈ మాట విన్నాక అవ్వ అన్నం ముట్టలేదు. "తాంబూలం తీసుకున్నాను గదమ్మా. యాల ఏడుస్తావు, నాకేం గాదు" అని మామ గోడకేసి చూస్తూ చెప్పాడు. అలా చెప్తున్నప్పుడు కూడా తల ఒక పక్కకే ఉంది.

అవ్వ నా చెయ్యి పట్టుకుని నేరుగా బజారుకు, జబ్బార్ సాబు పరుపుల కొట్టుకు నడిచింది.

"సాబూ, మనిషిని జేస్తావని నా కొడుకును నీ సేతిలో పెడితిని. వాడు మెడ ఇరిగి మంచాన పడితే నువ్వొచ్చి నీళ్లు పోస్తావా?" అని నలుగురూ వినేటట్టు అరిచింది.

సాబు చేతిలో సూది ఆగిపోయింది. "మెడా? ఏ మెడమ్మా?" అన్నాడు. ఆయనకు నిజంగానే తెలియదు. కుట్టుతున్న పరుపు అలాగే వదిలేసి మా వెంట ఇంటికొచ్చి, మామను ముందు కూర్చోబెట్టుకుని మెడ వెనక వేళ్లతో మెల్లిగా తడిమాడు. ఒకచోట మామ పళ్లు బిగించాడు. సాబు అక్కడే ఆగి చెయ్యి తీసేశాడు. తర్వాత, "తాంబూలం వాపసు ఇయ్యలేమమ్మా. ఇస్తే వీడు బతికినా తల ఎత్తుకోలేడు. సూస్తాను. అల్లా ఉండాడు, మీ గంగమ్మ ఉండాది" అన్నాడు.

"ఆళ్లిద్దురూ ఉండారు సాబూ, నువ్వే లేవు" అంది అవ్వ. ఆయన తల వంచుకుని వెళ్లిపోయాడు.

కుప్పానికి అవ్వ కూడా బయలుదేరింది. ఆడవాళ్లు కుస్తీలకు పోయే వాడుక లేదన్నా వినలేదు. ఒక్కదాన్నే ఇంట్లో వదల్లేక నన్నూ తీసుకుపోయింది. పలమనేరు మీదుగా, వెంకటగిరికోట మీదుగా పోయే బస్సులో మామిడికాయల గంపలు, జాతరకు మొక్కుకున్న మేకలు, వేపమండలు కట్టుకున్న కొత్త కుండలు, అన్నిటి మధ్యా మనుషులు. మామ కిటికీ పక్కన కూర్చుని దారి పొడుగునా బయటికే చూశాడు. వస్తాదు మన్ను మూట ఒళ్లో పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. నేను ఎదురు వచ్చిన ప్రతి గుడికీ దండం పెట్టాను, ఒక మసీదుకు కూడా పెట్టాను.

మర్నాడు పొద్దున మేం దిగిన సత్రానికే చిన్నప్ప తన వాళ్లతో రైలు దిగి వచ్చాడు. నేను కోరలున్న రాక్షసుణ్ణి ఊహించుకున్నాను. వచ్చినవాడు నున్నటి మొహం, పళ్ల మధ్య సందు, ఎవరు పలకరించినా నవ్వే కుర్రవాడు. భుజాలు మాత్రం రాతి గుండ్లు. అందరికీ కాఫీలు ఇస్తుంటే అతను గ్లాసును ఎడమచేత్తో అందుకున్నాడు, కుడిచేతి మీద తువ్వాలు కప్పుకుని ఉన్నాడు. అది జబ్బార్ సాబు చూశాడు.

"సెయ్యి సూపీ బేటా" అన్నాడు.

చిన్నప్ప తన వాళ్ల వైపు చూసి, కాసేపు తటపటాయించి, తువ్వాలు తీశాడు. బొటనవేలి కీలు తప్పి, ఉబ్బి, నల్లబడి ఉంది. సాధన చేస్తుంటే అలా అయిందట. తాంబూలం తీసుకున్నాను కాబట్టి అలాగే వచ్చానన్నాడు.

"మీ వస్తాదు సరిజెయ్యలేదా?"

"నాకు వస్తాదు ఎవురూ లేరు సామీ. ఆడా ఈడా సూసి నేర్సుకుంటిని."

సాబు అతన్ని అరుగు మీద కూర్చోబెట్టి, మా నూనె గిన్నె వెచ్చచేయించి, ఆ వేలును మెల్లిగా నిమరడం మొదలుపెట్టాడు. నిమురుతూ మీ ఊరేది, ఏం తింటావు, ఇంట్లో అమ్మ ఉండాదా అని అడిగాడు. "ఉండాది సామీ. పోవద్దని ఆయమ్మ ఒకటే ఏడుపు" అని చిన్నప్ప చెబుతుండగానే వేలు పట్టి లాగాడు. చిన్నప్ప పెట్టిన కేకకు సత్రం పావురాలన్నీ లేచాయి. మరుక్షణం వేలు ముడిచి చూసుకున్నాడు, చాచి చూసుకున్నాడు. నొప్పి తగ్గిన మనిషి మొహం ఎంత వెలిగిపోతుందో అప్పుడే చూశాను. ఆ సంతోషంలో, ముందూ వెనకా ఆలోచించకుండా, వంగి సాబు కాళ్లకు మొక్కాడు.

అప్పటికే సాబు చెయ్యి మూటలో ఉంది. పుంగనూరు మన్ను చిటికెడు తీసి, వంగిన చిన్నప్ప నుదుటికీ మెడకీ రాసేశాడు.

చిన్నప్ప నుదురు తడుముకుని, వేళ్లకు అంటిన ఎర్రమన్నును చూసుకున్నాడు. మా మామను చూశాడు, మళ్లీ సాబును చూశాడు.

"ఇది మోసం గదా సామీ?"

"మోసమే బేటా" అన్నాడు సాబు. "నీ ఏలికీ, వాని మెడకీ కలిపి సేసిన మోసం. ఆడ నీకొక తల్లి ఉండాది, ఈడ వానికొక తల్లి ఉండాది. వారం దినాల నుంచి నన్ను ఎట్లా సూస్తాండాదో సూడు."

అందరూ అవ్వ వైపు తిరిగారు. అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది. నవ్వుతోందో ఏడుస్తోందో నాకు తెలియలేదు. నాకు మాత్రం ఏడుపు వచ్చింది. గుండె మీద నుంచి సంగటి ముద్దంత బరువు దిగిపోతే వచ్చే ఏడుపు అది. చిన్నప్ప ముందుగా నవ్వాడు. లేచి వచ్చి మామ భుజం పట్టుకుని, "ఏమన్నా, మెడకు ఏమైంది?" అని అడిగాడు.

జాతర పెద్దలు పరుగెత్తుకొచ్చారు. చుట్టుపక్కల ఊళ్లన్నీ బండ్లు కట్టుకుని వచ్చేశాయి, పలకలు మోగుతున్నాయి, ఇప్పుడేం చెప్పాలని తలలు పట్టుకున్నారు. కానీ ఒకే మట్టి వాళ్లు తలపడకూడదన్న కట్టుబాటు వాళ్ల గరిడీలోనూ ఉంది, దాన్ని దాటమని చెప్పే ధైర్యం ఎవరికీ లేదు. వాళ్లలో పెద్దాయన మీసం దువ్వుకుంటూ చివరికి, "జబ్బార్ సాబూ, కుస్తీ లేకుండానే మమ్మల్నందర్నీ చిత్తు జేస్తివి గదప్పా" అన్నాడు.

ఆ సాయంత్రం కుస్తీ బదులు పట్ల ప్రదర్శన జరిగింది. వస్తాదు గుంట గట్టు మీద కూర్చుని ఒక్కొక్క పట్టు పేరూ చెబుతుంటే వాళ్లిద్దరూ నెమ్మదిగా చేసి చూపించారు. జనంలో కొందరు మమ్మల్ని, మా వంశాన్ని కలిపి తిట్టి వెళ్లిపోయారు. ఉన్నవాళ్లు మాత్రం ఇది ఇలా విడిపించుకోవాలా అని గుంట చుట్టూ మూగారు. చిన్నప్ప తన పేరు మోసిన పట్టు పట్టి మామను ఎత్తినప్పుడు అవ్వ గోళ్లు నా అరచేతిలో దిగాయి. అతను నీళ్లబిందె దించినట్టు మామను మెల్లిగా దించి పడుకోబెట్టాడు.

చీకటి పడకముందే జాతర అంగళ్ల దగ్గర జబ్బార్ సాబు వేడివేడి మిరపకాయ బజ్జీలు కొని, ఒకటి మామ చేతిలో పెట్టాడు. "ఇంగ తిను బేటా" అన్నాడు. కారం తినమని వస్తాదే చెప్పాడంటే ఇక గుంట పని అయిపోయినట్టే. మామ ఆ బజ్జీ పట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు. తింటూ ఏడ్చాడు, కారానికే అన్నాడు. అవ్వ తను తెచ్చిన మజ్జిగ గ్లాసులో పోసి ముందు సాబుకు ఇచ్చి, "నోటికొచ్చినట్టు తిడితిని సాబూ, మనసులో పెట్టుకోవద్దు" అంది. "తిట్టకపోయింటే నాకు తెలిసేదే గాదు గదమ్మా" అన్నాడాయన.

మరుసటేడు వెంకటగిరికోట పిల్లతో మామ పెళ్లి అయింది. పెళ్లికూతురు దండ వేస్తుంటే అవ్వ పక్కనుంచి "మెల్లిగా తల్లీ, మెడ" అని అంటే పందిరంతా నవ్వింది. చిన్నప్ప వచ్చి వంటకు కావలసిన నీళ్లన్నీ ఒక్కడే మోశాడు. తర్వాత మామ సేద్యం చేశాడు, సాయంత్రాలు గరిడీ గట్టు మీద కూర్చుని పిల్లలకు నేర్పాడు. ఎనభైల్లో వీడియో సినిమాలు వచ్చాయి, డేరాలు వేసి టిక్కెట్లు పెట్టి ముసుగుల పైల్వాన్ల ఆటలు వచ్చాయి, గరిడీకి వచ్చే పిల్లలు పలచబడ్డారు. జబ్బార్ సాబు చనిపోయిన ఏడాది వానలకు కొట్టం వెనకగోడ కూలితే ఎవరూ లేపలేదు.

ఇప్పుడా సందులో సిమెంటు పోసి మోటారుసైకిళ్లు నిలుపుతున్నారు. పరుపులు కుట్టేవాళ్లు లేరు, దుకాణంలో కొనుక్కుంటున్నారు. పొట్టి ఆవులు పాలకంటే ఫొటోలకు ఎక్కువ పనికొస్తున్నాయి. కుస్తీకి తాంబూలం ఇచ్చేవాళ్లూ లేరు, పుచ్చుకునేవాళ్లూ లేరు. నుదుట మన్ను రాస్తే మనుషులు అన్నదమ్ములైపోతారని చెబితే నా మనవరాలు, నిజమా అని నవ్వుతుంది. అవ్వ పోయి కూడా చాలా కాలమైంది, ముసలితనంతో, నిద్రలో, కొడుకు చేతుల మీదుగా.

పోయిన నెల పుంగనూరు వెళ్లాను. మామ డెబ్బై దాటినా ఇంకా చేను గట్టు దాకా నడుస్తున్నాడు. మెడ మాత్రం తిరగదు, ఎవరైనా పిలిస్తే ఒళ్లంతా తిప్పి చూస్తాడు. ఆయన మనవడు ఫోనులో ఏదో కుస్తీ చూస్తూ ఉన్నట్టుండి తలెత్తి అడిగాడు.

"తాతా, కుప్పంలో నువ్వు గెలిస్తివా, చిన్నప్ప తాత గెలిసినాడా?"

"మేము కుస్తీ పట్లేదు నాయినా. ఇద్దురమూ ఇంటికొచ్చేస్తిమి."

"అట్లెట్లా తాతా? ఎవురో ఒకరు గెలవల్ల గదా!"

మామ ఒళ్లంతా తిప్పి వాడి వైపు చూశాడు.

"మాయమ్మ గెలిసింది" అన్నాడు.